దేంతో స్నానం చేశావని అడగలేదు

నేను చదివింది మూడో తరగతి. నాలుగులో పేరు రాయించారు గానీ అప్పుడు చెరకు నరికే రోజులు, బడికి పంపలేదు. అందుకని ఇందులో పెద్ద మాటలు వెతక్కండి. నా మనవరాలు అక్షరాలు దిద్దింది. మాటలు నావే.

బ్యూటీ పార్లర్ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిల కోసం రాస్తున్నాను. పార్లర్ గడప తొక్కకుండా ఫోన్లో సీసాలు తెప్పించుకుని ఇంట్లోనే మొహానికి రాసుకునే అమ్మాయిలకి కూడా. మద్దిలపాలెంలో ఒక పార్లర్‌లో ఇరవై రెండేళ్ళు పని చేశాను. ఎన్ని మొహాలు కడిగానో నాకే తెలీదు. బాగా చేసినవి ఒక్కటీ గుర్తులేదు. పాడు చేసింది ఒకటి గుర్తుంది. అది చెప్తాను. ఎవరి పేరూ రాయను, అందరూ ఈ ఊళ్ళోనే తిరుగుతున్నారు.

మాది ఎలమంచిలి దగ్గర చెరకు పండే ఊరు. పెళ్ళయ్యాక విశాఖపట్నం వచ్చాం. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టర్ కింద పని. నేను పార్లర్‌లో చేరింది ఊడవడానికి. నేల మీద పడ్డ జుట్టు ఊడ్చి, తువ్వాళ్ళు ఉతికి, కుర్చీలు తుడిచేదాన్ని. చూసి చూసి దారంతో కనుబొమలు తీయడం వచ్చింది. తర్వాత ఫేషియల్ వచ్చింది. సర్టిఫికెట్ మాత్రం రాలేదు, నేనూ అడగలేదు.

నా చేతిలో ఏదీ వృథా పోదు. క్రీము ట్యూబు అయిపోయిందని వాళ్ళు బుట్టలో పడేస్తే, నేను తీసి కత్తెరతో నిలువునా కోసి, లోపల అంటుకున్నది గీరి ఇంకో ఇద్దరికి సరిపెట్టేదాన్ని. దూదిని రెండు పొరలుగా చీల్చి వాడేదాన్ని. ఈ గుణం ఇప్పటికీ ఉంది. సిగ్గుపడను. కానీ నేను చెప్పబోయే తప్పు ఈ గుణంలోంచే వచ్చింది, అది దాచను.

మా మేడమ్ వాళ్ళది గోదావరి వైపు. భర్త ఉద్యోగం స్టీల్ ప్లాంట్‌లో, అలా వచ్చారు. మనిషి మంచిదే. మాటకి ముందు ఒక అండీ, వెనక ఒక అండీ. నన్ను పిన్నిగారూ అనేది. "కుర్చీలోంచి లేచేటప్పుడు కస్టమర్ అద్దం చూసి నవ్వాలండీ పిన్నిగారూ, మిగతావన్నీ తర్వాతేనండీ" అనేది. ఇంకో అమ్మాయి ఉండేది, కోర్సు చదివి వచ్చింది. దాని సర్టిఫికెట్ గోడకి ఫ్రేము కట్టి ఉండేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఏ పని చేసినా ముందు పుస్తకం తిప్పి చూసేది. నాకు అది నవ్వులాటగా ఉండేది. "నీ పుస్తకం రాసినోడు మన విశాపట్నం ఉక్క సూసినాడేటే?" అని ఏడిపించేదాన్ని. అది ఉడుక్కునేది కాదు. పేజీ తిప్పుకునేది.

ఒక వేసవిలో కొత్త సీసా వచ్చింది. గ్లైకోలిక్ యాసిడ్ పీల్. పీల్ అంటే పొర లేపడం. మొహం మీద చచ్చిన చర్మాన్ని లేపేసి కింద ఉన్న కొత్త చర్మాన్ని పైకి తెస్తుంది. యాసిడ్ అనే మాట వినగానే నేను వెనక్కి జరిగాను.

"భయపడకండి పిన్నిగారూ, ఇది చెరకులోంచి తీస్తారండీ" అంది మేడమ్. "మీ ఊరి సరుకేనండీ ఇది."

అంతే. నా భయం పోయింది. చెరకు నాకు తెలీనిదా? గానుగ దగ్గర పుట్టి పెరిగాను. బెల్లం పెనం పక్కన నిద్రపోయిన దాన్ని. చెరకు ఎవరిని ఏం చేస్తుంది అనుకున్నాను. చెరకు ఆకు అంచుకి చిన్నప్పుడు మోచేతుల దాకా గీసుకుపోయి, చెమట తగిలి మండి మండి ఏడ్చిన సంగతి ఆ పూట గుర్తు రాలేదు. తెలిసిన సరుకు అనుకోగానే జాగ్రత్త తగ్గిపోయింది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పి పెడతాను. మీరు ఇంట్లో రాసుకునే సీసాలో ఈ యాసిడ్ నూటికి పది పాళ్ళో అంతకంటే తక్కువో ఉంటుంది. మా సీసాలో నూటికి ముప్పై. రెంటి మీదా ఒకే పేరు ఉంటుంది. పేరు ఒక్కటే చూసి మోసపోకండి, పక్కన ఉన్న అంకె చూడండి.

ఆ అమ్మాయి శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. పాతిక లోపే. పొడుగు మనిషి. చున్నీ మొహం చుట్టూ బిగించి కట్టుకుని వచ్చింది. విప్పితే చున్నీ లోపలి మడత కూడా నల్లగా ఉంది. పోర్టు దగ్గర ఒక కంటైనర్ యార్డులో గేటు కాడ సెక్యూరిటీ గార్డు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడాలి, లారీ వచ్చినప్పుడల్లా పోర్టు బొగ్గు నల్లదుమ్ము మొహాన పడుతుంది. బుగ్గలు కమిలి మచ్చలు పడ్డాయి. ముక్కు పక్కన చిన్న చిన్న పొక్కులు.

"సోమారం ఇంటర్వ్యూ ఉందాంటీ" అంది నాతో. "మాల్‌లో లేడీ గార్డు కావాలంట. లోపల ఏసీలో డూటీ. నాకొస్తే ఇంక ఎండలో నిలబడక్కర్లేదు. కానీ మొకం నీటుగా ఉంటేనే తీసుకుంటారని మా యార్డులో అందరూ అంటన్నారు."

వాళ్ళకెలా తెలుసని గానీ, నిజమేనా అని గానీ మేం అడగలేదు. మా పనిలో ఆ మాట మామూలు. మొహం బాగుంటేనే ఏదైనా వస్తుందని రోజుకి పదిమంది చెప్పేవారు, మేం నమ్మేవాళ్ళం, నమ్మబట్టే మా షాపు నడిచేది.

"మీకు ఫేషియల్ చాలదండీ, పీల్ చేయించుకోండి. సోమవారానికి అద్దంలా ఉంటారండీ" అంది మేడమ్.

ఇది రాసిపెట్టుకోండి: సోమవారం పని పెట్టుకుని శుక్రవారం ఎవరూ పీల్ చేయించుకోకూడదు. అన్నీ సవ్యంగా జరిగినా మూడో రోజుకి పొట్టు రేగుతుంది. కోర్సు చదివిన అమ్మాయి ఆ మాట అనబోయింది. మేడమ్ చూపు చూసి మానేసింది. కానీ నా దగ్గరికి వచ్చి మెల్లగా ఇంకో మాట అంది.

"పెద్దమ్మా, చెవి వెనక ఒక చుక్క పెట్టి రేపు రమ్మందాం. ఒక రోజు చూడాలని రాసుంది. ఆమె బుగ్గలు చూడు, ఏసీలో కూర్చున్నా ఎర్రగానే ఉన్నాయి. సెన్సిటివ్ ఏమో."

"రేపంటే ఆ గుంట సబ్బవరం నుంచి మళ్ళీ బస్సెక్కి రావాల" అన్నాను. "సెవెనక ఎట్టిన సుక్క ఎవలికీ కాకుండా పోతాది. సెరుకు తింటే ఎవలి మొకమైనా కాలిందేటే?"

అది గోడ మీద తన సర్టిఫికెట్ వైపు ఒకసారి చూసింది.

నేను అమ్మాయిని పడుకోబెట్టి అడగాల్సింది అడిగాను. అడిగాననే అనుకున్నాను.

"మొకానికి ఏటైనా రాసినావా ఈ మద్దిన?"

"ఏటీ రాయలేదాంటీ. పౌడరు కూడా రాయలేదు."

అబద్ధం చెప్పలేదు. అది తర్వాత తెలిసింది.

మొహం కడిగి, తుడిచి, బ్రష్‌తో మొదట నుదురు, తర్వాత గడ్డం, ఆఖరికి బుగ్గలు పూశాను. టైమర్ రెండు నిమిషాలకి తిప్పాను. మామూలుగా చీమలు పాకినట్టు ఉంటుంది. అర నిమిషం కాకుండానే ఆ పిల్ల కాలి వేళ్ళు ముడుచుకుంది.

"ఆంటీ, మండుతంది."

"మండుతాది. బుర్ర కదపకు."

"శానా మండుతంది ఆంటీ."

"ఓర్సుకో. ఉత్తినే వస్తాదేటి అందం?"

ఈ మాట నేను పెద్దగా ఆలోచించి అనలేదు. రోజూ అనేదే. ఆ మాటకి ఆ పిల్ల పళ్ళు బిగించి ఊరుకుంది. ఎండలో నిలబడే మనిషి కదా, ఓర్చుకోవడం తెలుసు. ఓర్చుకోకుండా లేచి పరిగెత్తి ఉంటే బాగుండేది. నిమిషం దాటేసరికి ఎడమ బుగ్గ మీద తెల్లగా మసకేసినట్టు మచ్చ కనబడింది. టైమర్ మోగకముందే వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచేశాను. తుడిచిన చోటల్లా ఎర్రగా పొంగింది. మేడమ్ పరిగెత్తుకొచ్చి కలబంద జెల్ రాసింది. అందులో సెంటు కలిసి ఉంది. అది ఇంకా మంట పెట్టింది. ఆ పిల్ల అద్దం చూసుకుంది గానీ నవ్వలేదు. చున్నీ కట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు షాపు తెరిచిన కాసేపటికే గుమ్మంలో వాళ్ళమ్మ. సబ్బవరంలో కూరగాయలు అమ్ముతుంది. గొంతు బజారంతటికీ వినిపించే గొంతు. కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఎవలమ్మా నా గుంట మొకానికి ఇది పూసింది? సూడండి! ఉడకేసిన రొయ్యలాగుంది! సోమారం ఇంటర్వ్యూ ఎట్టుకుని ఈ మొకమేసుకుని ఎక్కడికెల్తాది? మాల్‌కా, మార్చురీకా?"

కుర్చీల్లో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. ఒకామె సగం కనుబొమతో వెనక్కి తిరిగి చూస్తోంది. మేడమ్ నన్ను వెనక తువ్వాళ్ళ గదిలోకి పిలిచింది.

"పిన్నిగారూ, ఒక్క మాట చెప్పండి చాలండీ. అమ్మాయిది సెన్సిటివ్ స్కిన్ అండీ, మా చేతిలో ఏం లేదండీ అని. ఎక్కడైనా అదే చెప్తారండీ."

నిజమే, ఎక్కడైనా అదే చెప్తారు. ఆ మాట నేనూ అంతకుముందు చాలాసార్లు అన్నాను. కనుబొమ తీసిన చోట పొక్కులొచ్చినా, బ్లీచ్‌కి దురదొచ్చినా, నీది సెన్సిటివ్ స్కిన్నమ్మా అనేవాళ్ళం. విన్నవాళ్ళు తమ చర్మాన్నే తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. మాకు సుఖంగా ఉండేది. పని మొదలెట్టేముందు అడగాల్సిన సంగతిని, పాడయ్యాక సాకుగా వాడుకునేవాళ్ళం.

నేను బయటికొచ్చాను. ఆ మాట చెప్దామనే వచ్చాను, మీ దగ్గర దాపరికం ఎందుకు. కానీ ఆ పిల్ల మొహం దగ్గరగా చూశాక అనుమానం వచ్చింది. మంట ఒక్క బుగ్గ మీద ఎక్కువ, ముక్కు పక్కన ఎక్కువ. గట్టిగా తోమిన గిన్నె మీద గీతల్లాగా అడ్డంగా గీతలున్నాయి. బ్రష్ అలా గియ్యదు.

"నిన్న పొద్దున్న పిల్ల దేంతో తానం సేసింది?" అని తల్లిని అడిగాను.

"దేంతో సేత్తాది? సున్నిపిండితో. మూడ్రోజుల్నుంచి నానే రుద్దుతన్నాను. ఆ పోర్టు నల్లదుమ్ము సబ్బుకి పోతాదేటి? నిమ్మసెక్కేసి, గట్టిగా రుద్దితే గాని..."

రుద్దుతున్నట్టు ఆడిస్తున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఇంటర్వ్యూ కోసం ఆవిడ చేయాల్సింది ఆవిడ చేసింది. మనిళ్ళల్లో పుట్టినరోజైనా పెళ్ళైనా పండగైనా ఏ మంచి పనికైనా ముందు ఒళ్ళు రుద్దడమే కదా. సున్నిపిండి పెట్టుకోవడాన్ని ఏదైనా రాసుకోవడం అని మనం ఎప్పుడూ అనుకోం. నిమ్మచెక్క వంటింట్లోది. అందుకే ఆ పిల్ల, ఏటీ రాయలేదాంటీ అంది. నేనూ సరే అనుకున్నాను. నాకు చెరకు ఎలాగో వాళ్ళకి సున్నిపిండి అలాగ.

మేడమ్ కళ్ళు వెలిగాయి. ఆవిడ నోరు తెరవకముందే నేను తల్లి వైపు చూశాను. తల్లి తన అరచెయ్యి తిప్పి చూసుకుంటోంది. కూతుర్ని తానే కాల్చేసుకున్నానని అనుకోబోతోంది. అందులో సగమే నిజం. ఆ సగాన్ని మొత్తం చేసి ఆవిడ నెత్తిన పెడితే ఆ రోజుతో గొడవ తీరిపోయేది. ఆవిడ తిరిగి కేక కూడా వేసేది కాదు.

"నువ్వు రుద్దడం తప్పు కాదు" అన్నాను. "రుద్దినావో నేదో నాను అడగాల. అడగనేదు. సెవెనక సుక్కెట్టి ఒక రోజు సూడమని ఈ పిల్ల సెప్పింది. ఇననేదు. సుక్క దండగైపోతాదనుకున్నాను. తప్పు నాది."

తల్లి నన్ను ఎగాదిగా చూసింది.

"తప్పు నాదని సెప్పడానికి ఇంత నిదానమేటమ్మా నీకు? ఏడవ్వేటి?" అంది.

"నానేడిస్తే మంట తగ్గుతాదేటి? పదండి ఆసుపత్రికి" అన్నాను.

పెద్దాసుపత్రి చర్మం ఓపీలో రెండు గంటలు కూర్చున్నాం. డాక్టరమ్మ చిన్న వయసుదే. చూసి, అంతా విని, నా వైపు తిరిగింది.

"అది సెరుకులోంచి తీసిందేనమ్మా" అన్నాను.

"సారా బెల్లంలోంచి తీస్తారు. తాగిస్తారా అమ్మాయికి?" అంది.

నా జన్మలో నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టింది ఆ డాక్టరమ్మే.

తర్వాత విసుక్కోకుండానే చెప్పింది. చర్మం పైన చచ్చిన పొర ఒకటి ఉంటుందట. దాన్ని పట్టి ఉంచే బంక లాంటిదాన్ని ఈ యాసిడ్ వదులు చేస్తుందట. ఆ పొర ఉన్నంతవరకూ మంచిదే. ముందే గీకేసి ఉంటే, పచ్చి చర్మం మీద పడుతుంది.

నాకు అప్పుడు బెల్లం పెనం కళ్ళ ముందు కనబడింది. చెరకు రసం కాగుతుంటే మడ్డి పైకి తేలుతుంది. గరిటెతో తీసేస్తాం. మడ్డి తీస్తేనే బెల్లం తేరుతుంది. కానీ మడ్డి అయిపోయాక కూడా ఎవరైనా గరిటె ముంచి తీస్తూ ఉంటే, వాళ్ళు పారబోసేది రసం. మూడు రోజులు తల్లి తీసింది. మూడో రోజు మధ్యాహ్నం నేనూ తీశాను. పెనంలో ఏముందో ఎవరం చూడలేదు. ఈ యాసిడ్ సంగతి నాకు అర్థమైంది ఆ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు, ఇరవై మందికి పూసేసిన తర్వాత.

"పిల్లది సెన్సిటివ్ స్కినేనా అమ్మా?" అని అడిగాను. ఇంకా ఎక్కడో ఆశ ఉంది.

డాక్టరమ్మ ఆ పిల్లని అడిగింది. సబ్బు రాస్తే మంటొస్తుందా, ఎండకి బుగ్గలు ఎర్రబడి సాయంత్రానికి కూడా తగ్గవా, కొత్త క్రీము ఏది రాసినా దురదొస్తుందా అని. మూడింటికీ ఆ పిల్ల ఊఁ కొట్టింది. ఆ మూడు ప్రశ్నలకి పట్టింది నిమిషం కూడా కాదు. నేను టైమర్ తిప్పిన దానికంటే తక్కువ.

"ఉంది కొంచెం" అంది డాక్టరమ్మ. "కానీ మూడు రోజులు నిమ్మచెక్కతో రుద్దితే మీదైనా సెన్సిటివే, నాదైనా సెన్సిటివే."

క్రీము రాసిచ్చింది. ఉత్తి నీళ్ళతో కడుక్కోమంది, వ్యాసలీను రాసుకోమంది, రెండు వారాలు ఎండలోకి వెళ్ళొద్దంది. మచ్చలు కొన్ని నెలలు ఉంటాయంది.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. సోమవారం ఇంటర్వ్యూకి వెళ్తానంటే నేనే వద్దన్నాను. ఈ మొహంతో వెళ్తే తీసుకోరు, పైగా ఎండ. నేనే వెళ్ళి రెండు వారాలు గడువు అడుగుతానన్నాను. తల్లీకూతుళ్ళు నా మాట విన్నారు. తప్పు ఒప్పుకున్న మనిషి మాట కదా, నమ్మారు. సోమవారం నాకు షాపులో తీరలేదు. మంగళవారం పొద్దున్నే ఆ మాల్ వెనక గేటు దగ్గరికి వెళ్ళి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని పట్టుకున్నాను. సంగతంతా చెప్పి, మొహం మానేదాకా ఆగమన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"మొకంతో పనేటమ్మా మాకు? గేటు కాడ పెళ్ళిసూపులేటి? ఎత్తు సూత్తాం, రిజిస్టర్ రాయగలదో లేదో సూత్తాం. నిన్న నలుగురు కావాల, నలుగురే వచ్చినారు. ఆఖరామెకి సంతకం తప్ప రాదు. ఇంకెవలూ లేక తీసీసుకున్నాం. మీ గుంట ఇంటర్ సదివింది అంటన్నారు, వచ్చుంటే ఆమే ముందు."

ఇన్నేళ్ళు మొహాలు చూసి చూసి, లోకమంతా మొహాలే చూస్తుందనుకున్నాను. ఆ గేటు దగ్గర నిలబడినప్పుడు తెలిసింది, అది నా ఒక్కదాని పని అని.

ఈ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. బస్సెక్కి సబ్బవరం వెళ్ళాను. ఆ పిల్ల కిటికీకి దుప్పటి కట్టి గదిలో కూర్చుని ఉంది. బుగ్గ మీద పొట్టు లేచి, గోడకి సున్నం రాలినట్టుంది. ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. మధ్యలో మెత్తన చేయలేదు.

ఆ పిల్ల బుగ్గ తడుముకుంది.

"మరైతే ఈ మంటెందుకాంటీ?" అంది.

వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది. తాగాను. తిరిగి బస్సెక్కాను.

మేడమ్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. "అలా ఒప్పేసుకుంటే షాపు మూసుకోవాలండీ పిన్నిగారూ" అని ఒక్కసారి అంది. నన్ను కొన్నాళ్ళు జుట్టు కడిగే పనిలో పెట్టింది. షాపు మూసుకోలేదు, ఇప్పటికీ ఉంది. కోర్సు చదివిన అమ్మాయి, నేను చెప్పలేదా పెద్దమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది. దానికి బదులు ఒక అట్టముక్క, స్కెచ్ పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"తెలుగులోనే రాస్తాను, నువ్వు చదువుకునేలా. ఏటి రాయమంటావు ముందు?"

"ఈ మూడ్రోజులూ దేంతో తానం సేసినావు అని రాయి" అన్నాను.

"స్నానమా? ముందు అలర్జీ అని రాయాలి కదా?"

"అలర్జీ అంటే నేదంటారు. తానం సంగతి ఎవలూ అబద్ధమాడరు."

అది రాసింది. దాని కింద డాక్టరమ్మ అడిగిన మూడు ప్రశ్నలు. దాని కింద, చెవి వెనక చుక్క, ఒక రోజు ఆగాలి. ఆ అట్ట నేను మానేసే రోజు వరకూ అద్దం పక్కనే ఉంది. ప్రశ్నలు అడిగాక ఎంతోమందికి పీల్ వద్దని చెప్పి పంపేశాను. కొందరు కోపంగా వెళ్ళిపోయారు. చర్మం సున్నితమైన వాళ్ళకి పాలలోంచి వచ్చే యాసిడ్ కొంచెం మెత్తన అంటారు. అది కూడా చుక్క పెట్టి చూశాకే. పాలు కూడా ఇంటి సరుకే కదా, ఆ మాటకి ఇంక నేను పడను. ఇంట్లో రాసుకునేవాళ్ళకి చెప్తున్నాను: తక్కువ అంకెది తీసుకోండి, రోజు విడిచి రోజు కూడా వద్దు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు, పగలు ఎండ క్రీము లేకుండా గడప దాటకండి. మండితే ఓర్చుకోకండి. కడిగేయండి.

ఆ పిల్ల రెండు వారాలు సెలవు పెట్టి, తర్వాత మళ్ళీ యార్డు గేటు దగ్గరే నిలబడింది. అదే ఎండ, అదే చున్నీ. నేను వారానికోసారి ఆ మాల్ వెనక గేటుకి వెళ్ళి ఖాళీ ఉందా అని అడిగేదాన్ని. నన్ను దూరం నుంచి చూడగానే ఆ సూపర్‌వైజర్ లేదన్నట్టు చెయ్యి ఊపేసేవాడు. నేను వెనక్కి తిరిగేదాన్ని. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి. దసరాకి ముందు ఒక రోజు చెయ్యి ఊపకుండా రమ్మని పిలిచాడు.

ఈసారి ఆ పిల్ల మొహానికి ఏమీ చేసుకోలేదు. వాళ్ళమ్మ పౌడరైనా అద్దుకోమంటే వద్దందట. ఎడమ బుగ్గ మీద మచ్చ మచ్చలాగే ఉంది, ఆ మచ్చతోనే వెళ్ళింది. రిజిస్టర్‌లో నాలుగు వరుసలు రాయించి తీసుకున్నారు.

ఆ తర్వాత నేను ఆ మాల్ వైపు వెళ్ళలేదు. నాకు అక్కడ కొనేదేమీ ఉండదు.

మొన్నీమధ్య నా మనవరాలు లాక్కెళ్ళింది. డిగ్రీ చదువుతోంది. దానికీ సబ్బు రాస్తే బుగ్గలు ఎర్రబడతాయి. అయినా ఎవరో చెప్పారని ఫోన్లో ఒక సీసా తెప్పించుకుంది, అదే యాసిడ్, అంకె మాత్రం అయిదు. దాచుకుంటే నేనే పట్టుకున్నాను. అడగాల్సినవన్నీ అడిగి, చెవి వెనక చుక్క పెట్టించి, రెండు రోజులు ఆపించి, ఆ తర్వాతే సరే అన్నాను. ఆ సీసా చేతిసంచిలో వేసుకుని తిరుగుతుందని నాకు తెలీదు.

గుమ్మం లోపల ఆడవాళ్ళని తనిఖీ చేసే చోట పరదా ఉంటుంది. పరదా వెనక యూనిఫాంలో పొడుగు మనిషి. భుజం మీద ఇంకో పట్టీ చేరింది, పెద్ద గార్డు అయినట్టుంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. చేతిలోని డిటెక్టర్ కర్రతో నన్ను అటూ ఇటూ చూసి పంపింది. ట్యూబులైటు వెలుగులో ఎడమ బుగ్గ మీద పల్చటి టీ రంగు మచ్చ కనబడింది. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళకే కనబడుతుంది. నాకు తెలుసు.

తర్వాత మనవరాలి సంచి తెరిచింది. సీసా బయటికి తీసి, తిప్పి పేరు చదివింది. అంకె చదివింది. మనవరాలి బుగ్గల వంక చూసింది.

"పాపా, ఇది మొకానికి రాత్తన్నావా?"

"అవునక్కా."

"ఈ మూడ్రోజులూ దేంతో తానం సేసినావు?"

మనవరాలు తెల్లమొహం వేసి నా వైపు చూసింది. పరదా అవతల లైను పెరుగుతోంది. ఎవరో, బేగి కానీండమ్మా అంటున్నారు.

"నానడిగీసినానులే" అన్నాను.

"మీరడిగినా నాను అడగాలాంటీ" అంది. సీసా చేతిలో పట్టుకుని, జవాబు కోసం నిలబడింది.